పాత నెట్‌బుక్‌ని టచ్ ట్యాబ్లెట్‌గా మార్చాలి, ఎవరైనా చేశారా?

పాతూరు_పిల్లోడు
అటక దులుపుతుంటే నా డిగ్రీ రోజుల ఏసర్ ఆస్పైర్ వన్ డీ250 నెట్‌బుక్ (చిన్న లాప్‌టాప్) దొరికింది. 10.1 అంగుళాల స్క్రీన్, ఆటమ్ ఎన్270 ప్రాసెసర్, 1 జీబీ ర్యామ్, 160 జీబీ హార్డ్ డిస్క్. ఛార్జర్ పెడితే విండోస్ ఎక్స్‌పీతో సహా లేచి కూర్చుంది. బాడీ మాత్రం బాగాలేదు. ఒక పక్క హింజ్ విరిగింది, కీబోర్డులో సగం కీలు పనిచెయ్యవు.

అనంతపురం పాతూరులో మాది పట్టుచీరల అంగడి. ధర్మవరం నుంచి రావలసిన స్టాకు ఫోటోలు చూపించాలంటే నాయన తన ఫోన్ కస్టమర్ల చేతికిస్తాడు. వాళ్ళు వేలితో జరుపుకుంటూ పోయి మా ఇంటి సీమంతం ఫోటోల్లో తేలుతున్నారు. మొన్న ఒకామె చీర సంగతి వదిలేసి, మా అత్త మెడలో హారం ఎన్ని తులాలని అడిగింది.

అందుకని ఈ నెట్‌బుక్ కీబోర్డ్ పీకేసి, స్క్రీన్ బయటికి తిప్పి, పైన టచ్ గ్లాస్ వేసి కౌంటర్ మీద పెడదామని ఆలోచన. గ్లాస్ ఏది కొనాలి? ఎక్కడ దొరుకుతుంది? లోపల యూఎస్‌బీకి ఎట్లా కలపాలి? ఏ ఓఎస్ వెయ్యాలి? ఇక్కడ ఒక రిపేర్ షాపులో అడిగితే గుజిరీకి వెయ్యమన్నారు. ఆ సలహా మీరు ఇవ్వొద్దు, ఇప్పటికే వచ్చేసింది.

గుత్తి_కోట
గుజిరీకి వెయ్యొద్దులే. ఓఎల్ఎక్స్‌లో ఒక పాత ట్యాబ్ కొను. గ్లాస్, ఎస్‌ఎస్‌డీ, ర్యామ్ అంటూ నువ్వు పెట్టే డబ్బుకే అది వస్తుంది. బ్యాటరీ కూడా ఉంటుంది, అరకిలో కూడా బరువుండదు. నీది తయారయ్యేసరికి కిలో పైనే తూగుతుంది.

ఉగ్గాని_బజ్జీ
ఇంతకీ హారం ఎన్ని తులాలు?

పాతూరు_పిల్లోడు
@ఉగ్గాని_బజ్జీ నాయన కూడా అదే అడిగాడు, అత్త చెప్పలేదు.
@గుత్తి_కోట డబ్బు లెక్కలో నీ మాట నిజమే అన్నా. కానీ కౌంటర్ మీద ఒకేచోట ఉండేది కాబట్టి బరువుతో బాధ లేదు. పైగా కొత్త ట్యాబ్ అయితే సాయంత్రానికి మా చెల్లెలి చేతిలో ఉంటుంది. దీన్ని ఎవరూ ఎత్తుకుపోరు.

సోల్డర్_పిన్ని
నేను చేశాను, కడపలో. నాది ఆసుస్ ఈ పీసీ 1005హెచ్‌ఏ. అదీ 10.1 అంగుళాలే, ఎన్270 ప్రాసెసరే. ఇప్పటికీ వంటింట్లో గోడకి ఉంది. కొంచెం పెద్దగా రాస్తాను, ఓపిగ్గా చదువు.

టచ్ గ్లాసులు రెండు రకాలు. ఫోన్లలో ఉండేది కెపాసిటివ్, వేలు ఆనితే చాలు. రెండోది రెసిస్టివ్, దాన్ని నొక్కాలి. కింద గాజు, పైన పల్చటి ప్లాస్టిక్ ఫిల్మ్, రెండింటికీ లోపలి వైపు కరెంటు పారే పూత, మధ్యలో కంటికి కనపడని చుక్కలు. నొక్కినచోట రెండు పొరలూ కలుస్తాయి. కంట్రోలర్ అనే చిన్న బోర్డు ఒక పొరలో ఇటు నుంచి అటు వోల్టేజీ పెట్టి రెండో పొరలో ఎంత వచ్చిందో కొలుస్తుంది. తర్వాత పొరలు మార్చి నిలువు కొలుస్తుంది. అంతే దాని తెలివి. ఇంటి పనికి ఇదే సులువు. కెపాసిటివ్ అయితే వెనక ఎల్‌సీడీ నుంచి వచ్చే నాయిస్‌కి తిక్కతిక్కగా ప్రవర్తిస్తుంది, ఫ్రేమ్‌లో రవంత తేడా వచ్చినా దెయ్యం పట్టినట్టు దానంతటదే క్లిక్‌లు కొడుతుంది.

కొనేటప్పుడు "10.1 అంగుళాల 4 వైర్ రెసిస్టివ్, యూఎస్‌బీ కంట్రోలర్‌తో" అని అడుగు. అంగుళాలు చూసి కొనెయ్యొద్దు. 10.1లోనే 1024×600 ఉంది, 1280×800 ఉంది, రెండింటి నిష్పత్తి వేరు. నీ స్క్రీన్‌లో వెలిగే భాగం దాదాపు 222.7 × 125.3 మిల్లీమీటర్లు ఉంటుంది. ముందు బెజెల్ (స్క్రీన్ చుట్టూ ఉండే ప్లాస్టిక్ చట్రం) విప్పు, స్టీల్ స్కేలుతో నువ్వే కొలుచుకో, గ్లాస్ యాక్టివ్ ఏరియా, అంటే నొక్కితే పలికే భాగం, దానికి సరిపోవాలి. గ్లాస్ నుంచి వచ్చే పట్టీ తోక ఏ పక్కన ఉందో కూడా చూసుకో. ఆ తోక ఒక్కసారి మడతపడి పగుళ్ళొస్తే గ్లాస్ మొత్తం దండగ.

ఇంకో మాట. నీకు చీరలు చూపించాలి కదా? రెసిస్టివ్ గ్లాస్ నుంచి నూటికి 80 వంతుల వెలుగే బయటికొస్తుంది. రంగులు మసకబారతాయి.

గుత్తి_కోట
చూశావా. చీరల అంగట్లో రంగు మసకబారితే ఇంకేముంది.

ఏడురోడ్ల_ఏకాంబరం
ధర్మవరం చీర రంగు ఏ ట్యాబ్‌లో సరిగ్గా కనపడుతుందప్పా? పడుగు ఒక రంగు, పేక ఒక రంగు. ఇటు నుంచి చూస్తే నెమలి కంఠం, అటు నుంచి చూస్తే వంకాయ. మా అక్క పెళ్ళికి ఫోటో చూసి ఆర్డర్ ఇచ్చిన చీర ఇంటికొచ్చాక ఆడవాళ్ళు రెండు పార్టీలై కొట్టుకున్నారు. ఆ ఫోటో వచ్చింది ఖరీదైన ఫోన్‌లోనే.

సోల్డర్_పిన్ని
అదీ నిజమే. అంచు, కొంగు డిజైన్ చూపించడానికైతే చాలు. రంగు మాత్రం చీర విప్పి చూపించాల్సిందే.

రిటైర్డ్_మాస్టారు
ప్రొద్దుటూరు నుంచి. కంపెనీ వాళ్ళే చేసినవి ఉండేవి కదా? 2010లో ఆసుస్ టీ101ఎంటీ అని వచ్చింది, స్క్రీన్ తిప్పి పడుకోబెడితే ట్యాబ్లెట్. అదీ రెసిస్టివే. నేను దాని మీద పద్యాలు చదువుకునేవాడిని. గోరుతో నొక్కితే బాగా పలికేది, మెత్తటి వేలితో రెండుసార్లు నొక్కాల్సి వచ్చేది. 2011లో ప్రభుత్వం విద్యార్థుల కోసం తెచ్చిన మొదటి ఆకాశ్ ట్యాబ్లెట్ కూడా ఆ జాతిదే.

ఉగ్గాని_బజ్జీ
మాస్టారూ, ఆకాశ్ పేరు విని ఎన్నాళ్ళయిందో. మా కాలేజీలో దాని కోసం పేర్లు రాయించుకున్నవాళ్ళం ఇంకా లైన్లోనే ఉన్నాం.

పాతూరు_పిల్లోడు
పిన్నీ, మీరు రాసింది ప్రింట్ తీసుకున్నా. గ్లాస్ ఎక్కడ కొన్నారు? అలీఎక్స్‌ప్రెస్‌లో తీసుకోమని పాత వీడియోల్లో చెప్తున్నారు, అది 2020 నవంబర్‌లోనే మన దేశంలో నిషేధించారు కదా.

సోల్డర్_పిన్ని
నేను చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొన్నాను. కడప నుంచి రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి దిగొచ్చు.

పాతూరు_పిల్లోడు
నాకు బెంగళూరు దగ్గర. ఎస్పీ రోడ్‌లో దొరుకుతుందా?

తుంగభద్ర_ఒడ్డు
కర్నూలోళ్ళం హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీకి పోతాం. దొరకనిది లేదు.

ఏడురోడ్ల_ఏకాంబరం
దొరకనిది లేదు, ఇచ్చింది పనిచేస్తుందన్న గ్యారంటీ కూడా లేదు.

తుంగభద్ర_ఒడ్డు
రిచీ స్ట్రీట్‌లో గ్యారంటీ కార్డు ఇస్తారా సామీ?

గుత్తి_కోట
సీమలో ఒక రెసిస్టర్ కావాలంటే మూడు రాష్ట్రాల్లో ఏ రాజధానికి పోవాలా అని కొట్టుకుంటున్నాం. మనూర్లో దొరకదనేది అందరం ఒప్పుకున్నట్టే.

ఉగ్గాని_బజ్జీ
ఎస్పీ రోడ్‌లో దొరుకుతుంది. అనంతపురం నుంచి 200 కిలోమీటర్ల పైచిలుకు, పొద్దున పోయి రాత్రికి వచ్చెయ్యొచ్చు. కానీ బిల్లింగ్ మెషీన్లకి, కియోస్క్‌లకి టచ్ అమ్మే అంగళ్ళు అడుగు. లాప్‌టాప్ విడిభాగాల అంగట్లో అడిగితే పైనుంచి కిందకి చూసి పంపేస్తారు. ఎల్‌సీడీ కూడా చేతిలో పట్టుకునిపో, అక్కడే పైన పెట్టి చూసుకోవచ్చు. కంట్రోలర్ కూడా అక్కడే లాప్‌టాప్‌కి గుచ్చి చూడు. కర్సర్ కదిలితేనే డబ్బులు.

తుంగభద్ర_ఒడ్డు
ఇక ఓఎస్ సంగతి. ఎన్270 అంటే 32 బిట్ మాత్రమే, దాని మీద 64 బిట్ లినక్స్ ఎక్కదు. ఎక్స్‌పీకి 2014 ఏప్రిల్‌లోనే సపోర్ట్ అయిపోయింది, దాంతో ఇంటర్నెట్‌కి పోవద్దు. లినక్స్‌లోనూ దారులు మూసుకుపోతున్నాయి. లుబుంటు 19.04 నుంచే 32 బిట్ ఆపేసింది. డెబియన్ 12లో 32 బిట్ ఇన్‌స్టాలర్ ఉంది, 2025లో వచ్చిన 13లో తీసేశారు. కాబట్టి డెబియన్ 12 వేసుకో, లేదా యాంటీఎక్స్ 32 బిట్. యాంటీఎక్స్ 1 జీబీలో కూడా మెల్లగా నడుస్తుంది. ర్యామ్ 2 జీబీ చేసుకో, ఆ చిప్‌సెట్‌కి అదే గరిష్ఠం. డీడీఆర్2 ఒకే స్లాట్ ఉంటుంది, పాత కర్ర తీసి 2 జీబీది పెట్టాలి.

క్రోమ్ అడగొద్దు. 32 బిట్ లినక్స్‌కి గూగుల్ 2016లోనే ఆపేసింది. యూట్యూబ్ అంటావా, 360పీ కూడా ఆయాసపడుతుంది. ఫోటోలకి జీథంబ్ చాలు. కీబోర్డ్ తెర మీద రావడానికి ఆన్‌బోర్డ్ అని ప్రోగ్రామ్ ఉంది.

గుత్తి_కోట
యూట్యూబ్ కూడా ఆడని ట్యాబ్ కోసం బెంగళూరు ప్రయాణం.

తుంగభద్ర_ఒడ్డు
చీరలంగట్లో యూట్యూబ్ ఎందుకన్నా? కస్టమర్ కూర్చుని సీరియల్ చూస్తే అమ్మకం అవుతుందా?

కారందోశ_కడప
ఆండ్రాయిడ్ వెయ్యొచ్చు కదా? ఆండ్రాయిడ్ ఎక్స్86 అని ఉందంట.

తుంగభద్ర_ఒడ్డు
ఉంది, 32 బిట్ కూడా ఉంది. ఎన్270 మీద బూట్ అవుతుంది కానీ యాప్‌లు ఎక్కువ భాగం ఫోన్ చిప్‌లకి రాసినవి. తెరుచుకోగానే మూసుకుంటాయి. పాత వెర్షన్ వేస్తే ప్లేస్టోర్ గొడవ. సరదాకి వేసి చూడు, అంగడి పనికి మాత్రం వద్దు.

సోల్డర్_పిన్ని
గ్లాస్ తెచ్చుకునే లోపు మిగతాది రాస్తాను.

యూఎస్‌బీ: కంట్రోలర్‌కి నాలుగు తీగలు. ఎరుపు 5 వోల్టులు, నలుపు గ్రౌండ్, తెలుపు డీ మైనస్, ఆకుపచ్చ డీ ప్లస్. సులువైన దారి ఏమిటంటే, పక్కనున్న యూఎస్‌బీ పోర్టుల్లో ఒకదాని వెనక కాళ్ళకి లోపలి నుంచి సోల్డర్ చెయ్యడం. ఆ పోర్టులో ఇక బయట నుంచి ఏమీ పెట్టకూడదు, ఒకే జత డేటా తీగల మీద రెండు పరికరాలు నడవవు. టేపు వేసి మూసెయ్. వెబ్‌క్యామ్ కనెక్టర్ కూడా లోపల యూఎస్‌బీయే, దాని నుంచీ తీసుకోవచ్చు. అయితే కొన్నింటిలో అక్కడ 3.3 వోల్టులే వస్తాయి. మీటర్ పెట్టి చూడకుండా కలపొద్దు. తెలుపు, ఆకుపచ్చ తీగల్ని ఒకదాని చుట్టూ ఒకటి మెలిపెట్టి తీసుకురా.

ఎల్‌సీడీ కేబుల్: చిక్కంతా ఇక్కడే. స్క్రీన్‌ని బయటికి తిప్పినప్పుడు ఆ కేబుల్ వెనక్కి మడవాలి. లోపల వెంట్రుకల్లాంటి తీగలుంటాయి, గీతపెట్టి మడిస్తే తెగుతాయి. పెన్సిల్ మీద చుట్టినంత గుండ్రంగా మడువు. అందకపోతే స్క్రీన్‌ని తలకిందులుగా పెట్టు, సాఫ్ట్‌వేర్‌లో తిప్పుకోవచ్చు.

వైఫై: స్క్రీన్ చుట్టూ నల్లది, తెల్లది రెండు సన్నటి తీగలు, చివర రేకు ముక్కలు. అవే యాంటెన్నాలు. పాత మూతతో పాటు పారెయ్యొద్దు. వెనక అల్యూమినియం రేకు పెట్టొద్దు, సిగ్నల్ చస్తుంది.

మూత అయస్కాంతం: బెజెల్‌లో ఎక్కడో చిన్న అయస్కాంతం ఉంటుంది. అది మదర్‌బోర్డ్ మీది సెన్సర్ దగ్గరికొస్తే మూత మూశావనుకుని స్క్రీన్ ఆరిపోతుంది. నీ తలుపు నువ్వు మూసుకున్నట్టే.

వేడి: ఎన్270 తినేది 2.5 వాట్లే. దాని పక్కన 945జీఎస్‌ఈ చిప్‌సెట్ అంతకన్నా ఎక్కువ తింటుంది. మామూలుగా కీబోర్డ్ మీదుగా కొంత వేడి పోతుంది, ఇప్పుడు అక్కడ ఎల్‌సీడీ వీపు ఉంటుంది. మధ్యలో ఖాళీ ఉంచు, ఫ్యాన్ రంధ్రం మూయకు. మే నెలలో మన ఎండ సంగతి నేను చెప్పాలా?

హార్డ్ డిస్క్ తీసేసి ఏదో ఒక చిన్న సాటా ఎస్‌ఎస్‌డీ పెట్టు. వేగం కోసమే కాదు, కౌంటర్ మీద ఎవరైనా దబ్బున పెట్టినా భయం ఉండదు.

రిటైర్డ్_మాస్టారు
ఇంత వివరంగా మా రోజుల్లో ల్యాబ్ రికార్డుల్లో కూడా రాసేవారు కాదమ్మా.

ఏడురోడ్ల_ఏకాంబరం
మేం పక్కోడి రికార్డు చూసి రాసేవాళ్ళం సార్, పక్కోడు కూడా రాయలేదు.

కారందోశ_కడప
బ్యాటరీ ఏం చేస్తావ్? పాతది చచ్చిపోయి ఉంటుంది కదా. లోపల 18650 సెల్‌లు మూడు ఉంటాయి, కొత్తవి తెచ్చి స్పాట్ వెల్డింగ్ చేస్తే సరి.

సోల్డర్_పిన్ని
వద్దు. సెల్‌లు మార్చినా ప్యాక్‌లో ఉన్న బోర్డు కొన్నిసార్లు లాక్ అయిపోతుంది, ఛార్జింగ్ తీసుకోదు. మంటల భయం సరేసరి, అదీ పట్టుచీరల మధ్యలో. కౌంటర్ మీద ఉండేదానికి 19 వోల్టుల అడాప్టర్ చాలు. ప్యాక్ పూర్తిగా తీసేసి వాడుకోవచ్చు.

పాతూరు_పిల్లోడు
అంగట్లో ఇన్వర్టర్ ఉంది, కరెంటు పోయినా ఇబ్బంది లేదు. బ్యాటరీ పక్కన పెట్టేశా.

పాతూరు_పిల్లోడు
అప్‌డేట్. ఎస్పీ రోడ్‌లో గ్లాస్ దొరికింది. @ఉగ్గాని_బజ్జీ చెప్పినట్టు బిల్లింగ్ మెషీన్ల అంగట్లోనే. ఎల్‌సీడీ తీసుకుపోవడం మంచిదైంది, మొదట ఇచ్చింది 16:10ది, అడుగున ఒక వేలు వెడల్పు బయటికొచ్చింది. రెండోది అచ్చంగా సరిపోయింది. కంట్రోలర్ ఈగెలాక్స్‌ది, వాళ్ళ లాప్‌టాప్‌కి పెట్టి చూపించారు.

ఇప్పుడు అసలు డౌట్. గ్లాస్‌ని ఎల్‌సీడీ మీద ఎట్లా అతికించాలి? ఫెవిక్విక్ అంటున్నాడు మా తమ్ముడు.

సోల్డర్_పిన్ని
నీ తమ్ముడిని గది బయట కూర్చోబెట్టు.

వెలిగే భాగం మీద ఏ జిగురూ తగలకూడదు. ఎల్‌సీడీ చుట్టూ ఉన్న లోహపు అంచు మీద సన్నటి డబుల్ సైడ్ ఫోమ్ టేపు వెయ్యి. ఆ ఫోమ్ మందమే రెండింటి మధ్య ఖాళీ. ఆ ఖాళీ లేకపోతే గ్లాస్ నొక్కినప్పుడల్లా ఎల్‌సీడీ మీద నీళ్ళ అలలు కనపడతాయి.

దుమ్ము జాగ్రత్త. అనంతపురం దుమ్ము గురించి నీకు చెప్పక్కర్లేదు. ఒక్క నలుసు మధ్యలో ఇరుక్కుంటే ప్రతి చీర మీదా అదే బుటా. బాత్రూంలో వేడినీళ్ళ కొళాయి కాసేపు తిప్పి ఆవిరి పట్టించు, దుమ్మంతా కిందికి దిగుతుంది. తడి ఆరాక తలుపేసుకుని, ఫ్యాన్ లేకుండా, అక్కడే అతికించు. గ్లాస్ మీదా, ఎల్‌సీడీ మీదా దుమ్ము పడకుండా అంటించుకున్న ఫిల్ములు చివరి నిమిషంలోనే పీకు.

ఏడురోడ్ల_ఏకాంబరం
"వాడు పొద్దున్నుంచీ బాత్రూంలో కంప్యూటర్‌తో ఏం చేస్తున్నాడు?" అని ఇంట్లో అడిగితే ఈ పోస్టు చూపించు.

గుత్తి_కోట
ఈ బాత్రూం సలహా బాగుంది. మొబైల్ స్క్రీన్‌గార్డ్ వేసేటప్పుడు నేనూ వాడుకుంటా. ప్రాజెక్టు మీద నా అభిప్రాయం మాత్రం మారలేదు.

తుంగభద్ర_ఒడ్డు
ఫ్రేమ్ దేంతో చేస్తున్నావ్?

పాతూరు_పిల్లోడు
నేమ్ బోర్డులు, నంబర్ ప్లేట్లు చేసేవాళ్ళ దగ్గర 3 మిల్లీమీటర్ల నల్ల యాక్రిలిక్ కోయించా. లేజర్‌తో కోశారు, అంచులు అద్దంలా వచ్చాయి. ఫ్యాన్ దగ్గర గాట్లు కూడా పెట్టించా. వెనక నెట్‌బుక్ కింది భాగం అట్లాగే ఉంచేశా, స్క్రూ రంధ్రాలు అందులోనే ఉన్నాయి కదా.

పాతూరు_పిల్లోడు
కేబుల్ అందలేదు. పిన్ని చెప్పినట్టు స్క్రీన్ తలకిందులుగా పెట్టేశా. అతికించడం బాగా అయింది, ఒక మూల చిన్న నలుసు తప్ప. డెబియన్ 12 ఎక్కించా. ఎక్స్‌రాండర్ కమాండ్‌తో స్క్రీన్ ఇన్వర్టెడ్ చేస్తే బొమ్మ నిలబడింది. కానీ టచ్ ఎదురు తిరిగింది. కుడి పైన నొక్కితే బాణం ఎడమ కిందికి పోతోంది. నాయన దాన్ని చూసి "ఇది మీ అమ్మ తరఫు" అన్నాడు.

తుంగభద్ర_ఒడ్డు
బొమ్మ తిప్పితే టచ్ దానంతటదే తిరగదు, దానికి వేరుగా చెప్పాలి. ఎక్స్‌ఇన్‌పుట్ కమాండ్‌తో ఆ పరికరానికి కోఆర్డినేట్ ట్రాన్స్‌ఫర్మేషన్ మ్యాట్రిక్స్ అనే ప్రాపర్టీ సెట్ చెయ్యి. 180 డిగ్రీలకి ఈ తొమ్మిది అంకెలు, ఇదే వరసలో:

-1 0 1 0 -1 1 0 0 1

మొదటి మూడు అడ్డానికి, తర్వాతి మూడు నిలువుకి. మైనస్ 1 దిక్కు తిప్పుతుంది, వరస చివరి 1 దాన్ని మళ్ళీ స్క్రీన్ మీదికి జరుపుతుంది. లాగిన్ అయ్యాక తనే నడిచేలా స్టార్టప్‌లో పెట్టుకో, లేకపోతే రోజూ పొద్దున మీ నాయనకి బాణం ఎదురు తిరుగుతుంది.

అంచుల్లో ఇంకా కొద్దిగా తేడా ఉంటే టచ్ గురి సరిచేసే క్యాలిబ్రేటర్ నడుపు. నాలుగు మూలల్లో గుర్తులు వస్తాయి, నొక్కుకుంటూ పో. వేలితో కాకుండా పెన్ను మూతతో నొక్కు, గురి తప్పదు.

సోల్డర్_పిన్ని
తలకిందులుగా పెట్టడంలో ఒక లాభం ఉంది, నువ్వు గమనించావో లేదో. ఇవి టీఎన్ ప్యానెల్స్, చవకరకం ఎల్‌సీడీలు. కింది అంచు వైపు నుంచి వాలుగా చూస్తే నల్లబడి, రంగులు తిరగబడతాయి. పై అంచు నుంచి చూస్తే వెలిసినట్టు కనపడతాయి అంతే. బల్ల మీద పడుకోబెట్టిన ట్యాబ్‌ని మనం చూసేది ఎప్పుడూ కింది అంచు వైపు నుంచే. నీది తిరగేసి ఉంది కాబట్టి ఇప్పుడు ప్యానెల్ పై అంచు మీ వైపు ఉంటుంది. మా వంటింటి గోడకైతే ఈ గొడవ లేదు, ఎదురుగా నిలబడే చూస్తాం.

పాతూరు_పిల్లోడు
ఇప్పుడే పడుకోబెట్టి చూశా. పాత ఫోటోలతో పోల్చుకుంటే తెలుస్తోంది, కూర్చున్నచోటు నుంచి కొంగు మీది జరీ గీతలు స్పష్టంగా ఉన్నాయి. మెరూన్ మాత్రం ఇటుక రంగులో ఉంది.

మ్యాట్రిక్స్ పనిచేసింది. ఇంకో సమస్య: అప్పుడప్పుడు స్క్రీన్ ఆరిపోతోంది. అయస్కాంతం తీసేశానే.

కారందోశ_కడప
స్పీకర్ దగ్గరుందేమో చూడు. స్పీకర్‌లోనూ అయస్కాంతం ఉంటుంది కదా, స్థలం మార్చావా?

పాతూరు_పిల్లోడు
మార్చా. ఫ్రేమ్‌లో ఖాళీ ఉందని సెన్సర్ పక్కనే పెట్టా. జరిపితే ఆగిపోయింది. శభాష్ అన్నా!

తుంగభద్ర_ఒడ్డు
సిస్టమ్‌డీ లాగిన్ సెట్టింగుల్లో హ్యాండిల్ లిడ్ స్విచ్ అని ఉంటుంది, దాన్ని ఇగ్నోర్ చేసెయ్. మూత లేని బండికి ఆ సెన్సర్‌తో పనేముంది.

ఉగ్గాని_బజ్జీ
ఇంతకీ పెద్దాయన వాడుతున్నాడా? అది చెప్పు ముందు.

పాతూరు_పిల్లోడు
వాడుతున్నాడు, తన పద్ధతిలో. వేలితో జరపడు, చెవిలో పెట్టుకునే పెన్సిల్ వెనక భాగంతో టకటకా నొక్కుతాడు. రెసిస్టివ్ కావడం ఆయనకే కలిసొచ్చింది, కెపాసిటివ్ అయితే పెన్సిల్‌కి పలికేది కాదు. వేళ్ళకి చందనం, పసుపు ఉన్నా పనిచేస్తోంది. పెళ్ళి ఆర్డర్ల రోజు అదే కదా మా దగ్గర.

ఫోటోలు అంచు, కొంగు, బుటా అని ఫోల్డర్లు చేసి పెట్టా. రంగు అడిగితే నాయన బీరువా తెరుస్తున్నాడు. రెండు వేళ్ళతో జూమ్ కావాలని చాలామంది లాగి చూస్తున్నారు, అది రాదు. పెద్దదిగా చూడాలంటే మూలన బటన్ నొక్కమని స్టిక్కర్ రాసి అంటించా. ఆర్డర్లు మాత్రం ఇంకా నోటుపుస్తకంలోనే. తెర మీది కీబోర్డ్ చూసి, ఇంత చిన్న అక్షరాలు నేను వెతకను పో అన్నాడు.

గుత్తి_కోట
మొత్తం ఖర్చు ఎంతయింది? నిజం చెప్పు.

పాతూరు_పిల్లోడు
బెంగళూరు బస్సు చార్జీ కలిపితే నువ్వు చెప్పిన ఓఎల్ఎక్స్ ట్యాబ్ కన్నా ఎక్కువే అన్నా. అయినా చెల్లెలు ఇంతవరకు దాని వైపు చూడలేదు.

గుత్తి_కోట
సరేలేప్పా, ఒప్పుకుంటున్నా. ఫోటో పెట్టు.

రిటైర్డ్_మాస్టారు
నా టీ101ఎంటీ టచ్ ఈమధ్య ఒక పక్క నొక్కితే ఇంకోపక్క పలుకుతోంది. గ్లాస్ మారిస్తే పోతుందా అమ్మా?

సోల్డర్_పిన్ని
ముందు క్యాలిబ్రేషన్ చేసి చూడండి మాస్టారూ. రెసిస్టివ్ గ్లాసులకి ఏళ్ళు గడిచేకొద్దీ పూత అరిగి కొలతలు జరుగుతాయి. తోక కనెక్టర్ తీసి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి పెట్టినా చాలాసార్లు సర్దుకుంటుంది. మీది కంపెనీ గ్లాస్, రెండు వేళ్ళకి పలికేది. మామూలు 4 వైర్ గ్లాస్ దానికి పెట్టడానికి కుదరదు. కడప వైపు వస్తే తీసుకురండి, చూద్దాం.

నందికొట్కూరు_నవీన్
థ్రెడ్ మొత్తం చదివా. నా దగ్గర శాంసంగ్ ఎన్150 ఉంది. అదే గ్లాస్ సరిపోతుందా?

సోల్డర్_పిన్ని
అదీ 10.1, 1024×600యే. నీకు ఒక సుఖం ఉంది, ఎన్450 ప్రాసెసర్ కాబట్టి 64 బిట్ లినక్స్ ఎక్కుతుంది. గ్లాస్ మాత్రం బెజెల్ విప్పి కొలిచాకే. ఎల్‌సీడీ లోహపు అంచు ఎంత వెడల్పుందో కూడా రాసుకో, ఫోమ్ టేపు దాని మీదే నిలబడాలి.

ఏడురోడ్ల_ఏకాంబరం
నందికొట్కూరు అంటే కర్నూలు, అంటే గుజరాతీ గల్లీ. మళ్ళీ మొదలు.

నందికొట్కూరు_నవీన్
కొలతలు రేపు పెడతా. మా ఇంట్లో బాత్రూంలో గీజర్ లేదు, ఆవిరికి ఏం చెయ్యాలి?

సోల్డర్_పిన్ని
బకెట్‌లో మరిగిన నీళ్ళు పెట్టి తలుపెయ్. చాలు.